తిరుమలరావుగారి ఫారం

మా ఓనరు తిరుమలరావుగారు తనని తాను డైరెక్టర్ అని చెప్పుకుంటారు. ద్వారకా నగర్‌లో బస్ కాంప్లెక్స్ వెనక సందులో, మూడో అంతస్తులో, ఒక కోచింగ్ సెంటర్ నెత్తి మీద మా వీడియో స్టూడియో ఉంది. ముప్పయ్యేళ్లుగా ఆయన పెళ్లిళ్లు తీస్తున్నారు. పెళ్లికూతురి ముఖం తామరపువ్వులోంచి విచ్చుకోవడం, పెళ్లికొడుకు డాల్ఫిన్ నోస్ కొండ మీదుగా ఎగురుకుంటూ రావడం విశాఖపట్నంలో మొదట తనే కనిపెట్టానంటారు. అది అబద్ధమని ఎవరూ నిరూపించలేదు. నిజమని చెప్పడానికీ ఎవరూ ముందుకు రాలేదు.

నా పేరు ఉమామహేష్. అదే స్టూడియోలో పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. నా పక్క కుర్చీ షాహీనాది. వీడియో ఎడిటింగ్ అంతా ఆమే చేసేది. పాత పోస్టాఫీసు దగ్గర పుట్టి పెరిగిన మనిషి. మా దగ్గరికి రాకముందు వాళ్ల వీధిలోనే ఒక నెట్ సెంటర్‌లో ఆరేళ్లు పనిచేసింది. అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చాక నెట్ సెంటర్ మూతబడింది గానీ, పది కంప్యూటర్లని ఒక వైరు మీద గొడవ పడకుండా కాపురం చేయించే విద్య ఆమె దగ్గర మిగిలిపోయింది. ఈ సంగతి తిరుమలరావుగారికి తెలీదు. పదకొండేళ్లలో ఆయన ఆమెని అడిగిన ప్రశ్నలు రెండే. ఒకటి, "అయిపోనాదా?" రెండోది, "ఇంకా అవలేదా?"

అవకపోవడంలో ఆమె తప్పేమీ లేదు. ఎడిటింగ్ అంటే కోతా, కుట్టూ. అది మనిషి చేసే పని. ఆ తర్వాత రంగులు, పాటలు, పేర్లు అన్నీ కలిపి ఒక్క సినిమాగా కంప్యూటర్ వండాలి. దాన్ని రెండరింగ్ అంటారు. పాత రోజుల్లో రెండు గంటల్లో ఉడికేది. నాలుగు కెమెరాలు, పైన డ్రోను వచ్చాక పెళ్లికి పదకొండు గంటలు పట్టడం మొదలైంది. ఆ పదకొండు గంటలూ కంప్యూటర్ ఇంకో పని ముట్టదు. ముహూర్తాల రోజుల్లో వారానికి తొమ్మిది పెళ్లిళ్లు వచ్చి పడతాయి. సీమంతం నాటికి పెళ్లి వీడియో చేతికొచ్చిన జంటలు మా దగ్గర చాలామంది ఉన్నారు.

ఒక సోమవారం పొద్దున్న తిరుమలరావుగారు ఫోన్ పైకెత్తి పట్టుకుని, హారతి పళ్లెం తెచ్చినట్టు లోపలికొచ్చారు. అందులో ఏదో విదేశీ సినిమా కంపెనీలో కంప్యూటర్లు వరసలు వరసలుగా మెరుస్తున్నాయి.

"బావా, మనం రెండర్ ఫారం పెట్టేత్తన్నాం," అన్నారు. ఆయనకి మగవాడైతే చాలు, వయసు చూడరు, బావే.

"ఏటి ఫారం సార్?"

"రెండర్ ఫారం. సినిమాని ముక్కలు సేసి ఎనిమిది కంప్యూటర్లకి పంచీడమే. ఎవుడి ముక్క ఆడు వండుతాడు. ఆఖర్న అతికీడమే. ఆంధ్రాలో ఎవుడికైనా వచ్చిందేటి ఈ ఆలోచన?"

వచ్చింది. రెండేళ్ల కిందట షాహీనాకి వచ్చింది. ఒక కాగితం మీద బొమ్మ గీసి, ఎక్కడ ఏ వైరు రావాలో రాసి ఆయన బల్ల మీద పెట్టింది. ఆయన ఆ కాగితం మీద మిరపకాయ బజ్జీలు పెట్టుకుని తిన్నారు. నేను చూస్తూనే ఉన్నాను. ఆ రోజు ఏమీ అనలేదు. ఈ రోజూ, "ఎవుడికి వస్తాది సార్," అన్నాను.

షాహీనా తన తెర మీంచి తల తిప్పలేదు.

కింద అంతస్తులోని కోచింగ్ సెంటర్ అదే నెలలో ఎత్తేశారు. వాళ్ల ల్యాబ్‌లోని ఎనిమిది కంప్యూటర్లు మెట్లెక్కి మా దగ్గరికొచ్చాయి. ఒక్కోదాని మీద 'ఈసారి ర్యాంకు నీదే' అని స్టిక్కర్. వాటిని నిలబెట్టడానికి ఇనుప ర్యాకు కావాలని తిరుమలరావుగారు ఆటోనగర్‌లో వెల్డింగ్ షాపు తాతబాబుకి ఫోన్ చేశారు.

"తాతబాబూ, ఫారం పెడతన్నాను. ఎనిమిదింటికి ర్యాకు కావాల. నాలుగేపులా గాలి ఆడాల."

అవతల తాతబాబు ఏదో అడిగాడు.

"ఎనిమిది వందలు కాదు, ఎనిమిదే. కాకపోతే పెద్దవి," అన్నారీయన.

తాతబాబు అనకాపల్లి వైపు కోళ్ల ఫారాలకి పంజరాలు చేసి పేరు తెచ్చుకున్న మనిషి. ఎనిమిదే అంటే, అవీ పెద్దవంటే, టర్కీ కోళ్లు కాబోలనుకున్నాడు. వారం తిరక్కుండా సన్న జాలీతో, రెండు వరసల పంజరం ఒకటి మా మూడో అంతస్తుకి ఎక్కింది. ప్రతి అరకీ తలుపు, గడియ. అడుగు ముందుకి వాలుగా ఉంది. ముందు వైపు పొడుగ్గా ఒక తొట్టి.

"ఇదేటి, వాలుగా ఉంది?" అన్నారు తిరుమలరావుగారు.

"గుడ్డు దొర్లుకుని ముందుకొచ్చీడానికండి."

"గుడ్డేటి?"

తాతబాబు ఆయన మొహంలోకి, గదిలోని కంప్యూటర్లలోకి, మళ్లీ ఆయన మొహంలోకి చూశాడు. "ఫారం అన్నారు గదండీ," అన్నాడు.

ఇంకొకరైతే ఇక్కడ నవ్వేసి, ర్యాకు తిప్పి పంపేవారు. తిరుమలరావుగారు నవ్వే మనిషి కాదు. పంజరం చుట్టూ ఒకసారి తిరిగి, జాలీ మీద వేలితో తట్టి, "నానే ఇలగ సెప్పాను. వేడి కిందకి జారిపోవాల గదా," అన్నారు. తాతబాబు మెట్లు దిగిపోయాడు.

వేడి సంగతేమో గానీ కంప్యూటర్లు జారాయి. షాహీనా చెప్పుల షాపులోంచి రబ్బరు ముక్కలు తెచ్చి ఒక్కోదాని కింద ఎత్తు పెట్టి నిలబెట్టింది. తొట్టిలో వైర్లన్నీ పొందిగ్గా పరిచింది. ఆ ర్యాకు మొత్తంలో పనికొచ్చింది ఆ దాణా తొట్టి ఒక్కటే.

ఆ తర్వాత పది రోజులు ఆమె చేసిన పని నేను పక్కనుంచి చూశాను. ఎనిమిది కంప్యూటర్లనీ తుడిచి మొదట్నుంచి మొదలుపెట్టింది. అన్నింట్లో ఒకే ఎడిటింగ్ ప్రోగ్రాము, ఒకే వెర్షను, ఒకే తెలుగు ఫాంట్లు. ఒకదాంట్లో ఫాంటు లేకపోతే ఆ ముక్కలో పెళ్లికూతురి పేరు ఇంగ్లీషు పిచ్చిరాతగా వస్తుందని చెప్పింది. కెమెరా వీడియోలన్నీ మధ్యలో ఒక పెద్ద డిస్కులో పెట్టింది. ఎనిమిదీ అక్కడికే వచ్చి తీసుకోవాలి. ఒకటి మేస్త్రీ. రెండేసి నిమిషాల ముక్కలు కోసి ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లకి ఇస్తుంది.

"సార్, ఒక స్విచ్ కావాలి," అంది తిరుమలరావుగారితో. "వైర్లన్నీ వచ్చి కలిసే పెట్టె. ఇప్పుడున్నది నెట్ సెంటర్ల కాలం నాటిది. సరిపోదు."

"సూద్దాం," అన్నారాయన. మర్నాడు ఆటోలో ఒక అట్టపెట్టె వచ్చింది. విప్పితే స్విచ్ కాదు, రంగురంగుల లైట్ల పట్టీలు. పంజరం చుట్టూ కట్టించారు. ఎరుపు, నీలం, ఊదా మారుతూ ఉంటే మా స్టూడియో గవరపాలెం తీర్థంలో బొమ్మల దుకాణంలా తయారైంది.

మొదటి పరీక్ష ఒక పాట మీద చేశారు. ఒక్క కంప్యూటర్ ఇరవై నిమిషాల్లో చేసే పాట. ఎనిమిది కలిసి ముప్పై అయిదు నిమిషాలు తీసుకున్నాయి.

తిరుమలరావుగారు గడియారం చూసి, పంజరం చూసి, షాహీనాని చూశారు. "ఎనిమిది మంది సేత్తే ఒకడి కన్నా లేటవుతాదేటి? ఏటో తప్పు సేసావు నువ్వు."

"ఒకే ఇరుకు గుమ్మంలోంచి ఎనిమిది మంది మంచాలు మోసుకెళ్తే లేటవుతాది సార్. మెషిన్లు ఖాళీగా కూచున్నాయి. వీడియో వాటి దాకా రావట్లేదు. ఆ గుమ్మమే స్విచ్."

"లైట్లు కట్టించాను గదా!"

షాహీనా తన కుర్చీలోకి వెళ్లిపోయింది. మధ్యాహ్నం టిఫిన్ బాక్సు మూత పెడుతూ కాసేపు ఆలోచించింది. తర్వాత ఆయన గదిలోకెళ్లి, ఫోన్లో ఒక బొమ్మ చూపించింది. "సార్, ఇది సూడండి. ఇరవై నాలుగు లైట్లుంటాయి. పని నడుస్తున్నంతసేపూ అన్నీ ఒకేసారి మినుకుమినుకుమంటాయి."

"పచ్చవా?"

"పచ్చవి, కొన్ని నారింజవి."

సాయంత్రానికల్లా స్విచ్ వచ్చింది. షాహీనా దాన్ని తొట్టి మధ్యలో బిగించింది. అదే పాట మూడు నిమిషాల్లో అయిపోయింది. తిరుమలరావుగారు పంజరం ముందు నిలబడి రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, "సెప్పానా? లైట్లు సాలవని నాకు ముందే అనుమానం," అన్నారు.

ప్రారంభోత్సవానికి గుమ్మడికాయ కొట్టారు. ఎనిమిది ఫ్యాన్లకీ పసుపు రాయబోతే షాహీనా అడ్డం నిలబడింది. ఆ ఒక్క విషయంలోనే ఆమె గొంతు లేవడం నేను విన్నాను. చివరికి రాజీపడి స్టిక్కర్లకి బొట్లు పెట్టారు. లోకల్ కేబుల్ టీవీ వాళ్లు వచ్చారు. మైకు చూడగానే తిరుమలరావుగారి నోట్లోంచి ఉత్తరాంధ్ర మాయమైపోయి ఆకాశవాణి దిగింది.

"ఇది ఎనిమిది మెదళ్ల సమాహారం. ఇవి ఏకకాలంలో ఆలోచిస్తాయి. వీటన్నిటికీ పైన తొమ్మిదో మెదడు ఒకటి ఉంటుంది," అని తన నుదురు చూపించుకున్నారు.

"దీన్ని రూపొందించడానికి ఎంతకాలం పట్టింది సార్?" అంది యాంకర్ అమ్మాయి.

"ముప్పై సంవత్సరాలు," అన్నారాయన. తర్వాత కెమెరా వైపు నుంచి ఎవరో సైగ చేస్తే వెనక్కి తిరిగి, "షాహీనా, కొంచెం పక్కకి జరగమ్మా. ఫారం కనబడ్డం లేదట," అన్నారు.

జరిగింది. టీవీలో వచ్చిన ముక్కలో ఆమె మోచెయ్యి మాత్రం ఒక క్షణం కనిపిస్తుంది.

ఫారం మాత్రం బ్రహ్మాండంగా నడిచింది. పదకొండు గంటల పని గంటన్నరకి వచ్చింది. 'పెళ్లయిన మర్నాటికే సినిమా' అని తిరుమలరావుగారు బ్యానర్లు కట్టించారు. బ్యానర్ మీద ఆయన నిలువెత్తు ఫోటో. పంజరం మీద చెయ్యేసి, రైతు ఎద్దు మీద చెయ్యేసినట్టు నిలబడ్డారు.

వేసవిలో వేట నిషేధం ఉంటుంది. రెండు నెలలు బోట్లన్నీ ఫిషింగ్ హార్బర్‌లో కట్టేసి ఉంటాయి. సముద్రం మీదికి పోయే మగవాళ్లందరూ ఇంటిపట్టున దొరికేది అప్పుడే కాబట్టి, ఆ వైపు పెళ్లిళ్లు కూడా అప్పుడే. అలా జూన్ మొదటి వారంలో గంగాలమ్మగారి మనవరాలు దుర్గ పెళ్లి మాకు వచ్చింది. గంగాలమ్మగారికి రెండు మరబోట్లున్నాయి. హార్బర్‌లో చేపల వేలం జరిగేటప్పుడు ఆవిడ గొంతు లేస్తే పక్కవాళ్లు మాట్లాడ్డం మానేసి వింటారు. పెళ్లి గురువారం పొద్దున్న. శనివారం మధ్యాహ్నం హార్బర్ దగ్గర కల్యాణ మండపంలో బంధువులందరికీ విందు. విందులో పెద్ద తెర మీద పెళ్లి సినిమా వెయ్యాలన్నది ఆవిడ కోరిక.

"సినిమాకేటండి, శనారం పొద్దుటికి మీ సేతిలో ఎట్టేత్తాను," అని మాటిచ్చారు తిరుమలరావుగారు.

ఆ శనివారమే బక్రీదు. షాహీనా గురువారం, శుక్రవారం తల ఎత్తకుండా కూచుని ఎడిటింగ్ పూర్తి చేసింది. శుక్రవారం సాయంత్రం సంచీ భుజాన వేసుకుంటూ నాతో చెప్పింది.

"మహేష్ భయ్యా, అంతా రెడీగా ఉంది. రేపు పొద్దున్న బటన్ నొక్కండి. గంటన్నర. ఫారంలో దేన్నీ ముట్టుకోవద్దు, కొత్తది ఏదీ కలపొద్దు. అయ్యాక మొదట్నుంచి చివరిదాకా ఒకసారి చూడండి. మధ్యలో దాటెయ్యకండి."

"చూస్తాను," అన్నాను. "పండగ బాగా చేసుకో."

శనివారం ఎనిమిదింటికి నేను స్టూడియో తలుపు తీసేసరికి, తిరుమలరావుగారు ఆటోవాడి చేత ఒక కంప్యూటర్ మోయించుకుని మెట్లెక్కి వస్తున్నారు. అది వాళ్లింట్లోది. కిందటేడు ఆయన షష్టిపూర్తి జరిగింది. ఆ వీడియో వేరే ఎవరి కంటా పడకుండా ఇంట్లోనే ఎడిట్ చెయ్యాలని, షాహీనాని ఇంటికి పిలిపించి, స్టూడియోలో ఉన్న ప్రోగ్రాములన్నీ అందులో పెట్టించుకున్నారు.

"శనారం, దానికి తోడు ఎనిమిది మెషిన్లు. ఎనిమిదంటే శనే గదా బావా. రెండు శనులు ఒకరోజు పనికిరావు. తొమ్మిది సేసీ."

"షాహీనా ఏదీ కలపొద్దంది సార్."

"ఫారం ఎవుడిది?"

ఫారం ఆయనదే. తొమ్మిదో మెషినుకి పంజరంలో అర లేదు కాబట్టి కుర్చీ మీద పెట్టి, స్విచ్‌కి వైరు తగిలించారు. ఇంకో పచ్చ లైటు వెలిగింది. మేస్త్రీ కంప్యూటర్ కొత్త కూలీని గుర్తుపట్టి, దానికీ ముక్కలు పంచడం మొదలుపెట్టింది. గంటా ఇరవై నిమిషాల్లో సినిమా తయారైంది. "సూసావా? పది నిమిషాలు లాభం," అన్నారు తిరుమలరావుగారు.

నేను సినిమా చూడ్డానికి కూచున్నాను. మొదటి పది నిమిషాలూ చూశాను. బ్రహ్మాండంగా ఉంది. వేట లేని రోజులు కాబట్టి విందులో మటన్ బిరియానీ అని అప్పటికే తెలుసు. అక్కడితో ఆపి, సినిమాని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి జేబులో వేసుకున్నాను.

"సూసావా మొత్తం?" అన్నారాయన.

"చూశాను సార్," అన్నాను.

మండపంలో మూడొందల మంది ఉంటారు. తిరుమలరావుగారు, వారి భార్య అనూరాధగారు ముందు వరసలో కూచున్నారు. మాటిచ్చిన రోజుకి సినిమా తెచ్చినందుకు గంగాలమ్మగారు ఆయన్ని స్టేజీ మీదికి పిలిచి, శాలువా కప్పించారు. ఆయన శాలువాతోనే వచ్చి కూచున్నారు. తెర వెలిగింది.

హార్బర్ మీంచి డ్రోను ఎగిరింది. జనం ఈలలేశారు. దుర్గ పల్లకీలో వచ్చింది. మధుపర్కాలు. జీలకర్ర బెల్లం. సన్నాయి గుక్క తిప్పుకోకుండా వాయిస్తోంది. పంతులుగారు తాళి అందరికీ చూపించి పళ్లెంలో తిప్పారు. దుర్గ తల వంచింది. పెళ్లికొడుకు లేచి నిలబడి, రెండు చేతులా తాళి పట్టుకుని ముందుకి వంగాడు. అక్షింతలు లేచాయి. తెర మీద దృశ్యం మారింది.

తాళి కడుతున్నది తిరుమలరావుగారు.

గంధం రంగు పట్టు పంచె, నుదుట బాసికం, చెమట్లో కరిగిన మీసం రంగు. మూడో ముడి వేస్తూ కెమెరా వైపు తిరిగి, పళ్లన్నీ కనిపించేలా నవ్వారు. అడుగున మాత్రం బంగారు అక్షరాల్లో దుర్గ పేరు, పెళ్లికొడుకు పేరు మెరుస్తున్నాయి. రెండు నిమిషాలు అదే. పూలదండలు మార్చుకున్నారు, కేకు కోశారు, మనవడొకడు ఆయన బుగ్గకి క్రీము పూశాడు. తర్వాత ఏమీ జరగనట్టు దుర్గా వాళ్లాయనా ఏడడుగులు నడవసాగారు.

సన్నాయి తప్ప మండపంలో శబ్దం లేదు. గంగాలమ్మగారు లేచారు.

"ఎవుడ్రా ఆడు? నా మనవరాలి మెళ్లో తాళి కట్టినోడు ఎవుడు?"

వెనక నుంచి ఎవరో, "ఇక్కడే ఉన్నాడు పెద్దమ్మా, శాలువా ఏసుకుని!" అని అరిచారు. ఒక్కసారిగా మండపం పగిలినట్టు నవ్వు. పెళ్లికొడుకు తరఫు వాళ్లు మాత్రం నవ్వలేదు. వాళ్లలో ఇద్దరు చేతులు కడుక్కోకుండానే లేచి వచ్చారు. అనూరాధగారు కొంగు మొహం మీదికి లాక్కున్నారు. ఏడుస్తున్నారేమో అనుకున్నాను గానీ, భుజాలు ఎగిరిపడుతున్న తీరు చూస్తే ఆవిడ నవ్వాపుకోలేక చస్తున్నారని తెలిసింది.

తిరుమలరావుగారు లేచి నిలబడ్డారు. "హ్యాకింగండి. ఎవుడో హ్యాక్ సేసాడు," అన్నారు.

"హ్యాక్ సేసి నీ పెళ్లెట్టాడా?" అన్నారు గంగాలమ్మగారు.

అప్పుడాయన నేను ఈ జన్మలో మర్చిపోలేని మాట అన్నారు. "మా స్టాఫు అమ్మాయి నిర్వాకం అమ్మా ఇది. షాహీనా అని. పని పాడుసేసి పండక్కి ఎల్లిపోనాది. ఆల్ల పండగ ఆల్లకి ముఖ్యం గదా."

కొంతమంది అవునవునన్నట్టు తలలూపారు. నేను ఆయన పక్కనే నిలబడి ఉన్నాను. తొమ్మిదో మెషిన్ సంగతి నాకు తెలుసు. సినిమా పూర్తిగా చూడలేదన్న సంగతీ నాకే తెలుసు. నోరు తెరిస్తే రెండూ బయటికొస్తాయి. అందుకని మూసుకున్నాను.

గంగాలమ్మగారు తల ఊపలేదు. నా వైపు తిరిగారు. "ఆ షాహీనా గుంట నంబరు నీ దగ్గరుందా? ఫోన్ సెయ్. అందరికీ ఇనబడాల."

చేశాను. ఫోన్ స్పీకర్లో పెట్టి మైకు ముందు పట్టుకున్నాను. అవతల షాహీనా వెనక పిల్లల గోల, గిన్నెల చప్పుడు. ఎవరో పెద్దావిడ ఉర్దూలో వడ్డించమంటున్నారు. జరిగింది చెప్పాను.

షాహీనా అడిగింది, "సార్ కట్టుకున్న పంచె గంధం రంగుదా?"

"అవును."

"అది షష్టిపూర్తి వీడియో. సార్ ఇంటి కంప్యూటర్లో తప్ప ఎక్కడా లేదు. ఆ కంప్యూటర్ ఫారంలోకి ఎలా వచ్చింది భయ్యా?"

మూడొందల మంది నన్నే చూస్తున్నారు. "సార్ పొద్దున్న తెచ్చి కలిపారు," అన్నాను. నా గొంతు నాకే దోమ రొదలా వినిపించింది.

"ఏటమ్మా అది, నాకర్థమయ్యేలా సెప్పు," అన్నారు గంగాలమ్మగారు ఫోన్ తన చేతిలోకి తీసుకుని.

"అమ్మా, ప్రతి మెషినుకీ 'పెళ్లి ఫోల్డర్లోంచి ముహూర్తం వీడియో తెచ్చుకో' అని చెప్తాం. మా ఎనిమిదింటికీ ఆ ఫోల్డర్ ఒకటే, మధ్యలో పెద్ద డిస్కులో ఉంటాది. సార్ ఇంటి మెషిన్లో కూడా అదే పేరుతో ఒక ఫోల్డరుంది. అందులో ఉన్నది సార్ పెళ్లి. ముహూర్తం ముక్కకి అది బయటికి రాకుండా ఇంట్లో ఉన్నదే వండేసింది. ఇంట్లో లేనివి మాత్రం మా డిస్కులోంచి తెచ్చుకుంది."

గంగాలమ్మగారు అర నిమిషం ఆలోచించారు. "అంటే నా బుట్టకీ ఈడి బుట్టకీ ఒకే పేరు. ఈడు ఈడి బుట్ట అట్టుకొచ్చి నా వేలంలో ఎట్టీసాడు."

"అంతేనమ్మా."

"మరి నీ తప్పేటుంది ఇందల? పండగ సేసుకో తల్లీ. సినిమా రేపైనా సూత్తాం." ఫోన్ నా చేతికిచ్చి తిరుమలరావుగారి వైపు తిరిగారు. "ఆ శాలువా తీసి అక్కడెట్టు," అన్నారు.

తీసి పెట్టారు. మడత కూడా పెట్టారు.

ఆదివారం షాహీనా వచ్చి తొమ్మిదో వైరు పీకి, సినిమా మళ్లీ వండి, చివరిదాకా చూసి, తనే తీసుకెళ్లి గంగాలమ్మగారికి ఇచ్చింది. ఆమె తిరిగొచ్చేసరికి విందులో ఎవరో ఫోన్లో తీసిన ముక్క ఊరంతా పాకిపోయింది. తిరుమలరావుగారు మూడు రోజులు స్టూడియోకి రాలేదు. నాలుగో రోజు, 'ఆ వీడియో మీదేనా' అని అడుగుతూ వచ్చిన వాళ్లలో నలుగురు తమ పెళ్లి కూడా మాకే ఇచ్చారు. అయిదో రోజు కొత్త బ్యానర్ లేచింది: 'లక్షలాది మంది చూసిన ఆ వీడియో మాదే!'

షాహీనా ఆయన గదిలోకెళ్లి ఒక్కటే అడిగింది. ఫారం బాధ్యత తనదని తలుపు మీద రాయించమని, తను లేనప్పుడు ఎవరూ వైరు ముట్టుకోకూడదని. ఆయన వెంటనే ఒప్పుకున్నారు. సోమవారం తలుపు మీద ఇత్తడి పలక వచ్చింది. 'తిరుమలరావు, టెక్నికల్ డైరెక్టర్' అని ఉంది. "నీ పేరు పెద్దది గదమ్మా, పలక సరిపోలేదు," అన్నారు. ఆమె పేరు ఆయన పేరులో సగం ఉంటుంది.

నెలాఖరుకి సిరిపురంలో ఒక యానిమేషన్ కంపెనీలో చేరిపోయింది. వెళ్లే ముందు ఫారం గురించి ప్రతి చిన్న విషయం ఒక నోటు పుస్తకంలో రాసి నా చేతికిచ్చింది. థాంక్స్ చెప్పాను. ఆ రోజు మండపంలో మాట్లాడలేకపోయానని కూడా ఏదో నసిగాను.

"మాట్లాడకపోతే పర్లేదు భయ్యా," అంది. "చివరిదాకా చూస్తానన్నారు గదా. అది చూసుంటే బాగుండేది."

ఇప్పుడు ఆ పుస్తకం చూసి ఫారం నేనే నడుపుతున్నాను. ఎవరైనా వస్తే తిరుమలరావుగారు నన్ను "స్టాఫు" అని పరిచయం చేస్తారు.

కిందటి నెల ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్లు ఆయన్ని ముఖ్య అతిథిగా పిలిచారు. పది కంప్యూటర్లు కలిసి ఒక పనిని పంచుకోవడం గురించి ఉపన్యాసం. ల్యాప్‌టాప్ మోసుకుంటూ నేనూ వెళ్లాను. గంటసేపు మాట్లాడారు. చివర్లో ఒకమ్మాయి లేచి, "సార్, ఒక మెషిన్లో తప్పు ఫైల్ ఉందనుకోండి, అది ముందుగానే ఎలా పట్టుకోవాలి?" అని అడిగింది.

తిరుమలరావుగారు కళ్లు మూసుకుని తెరిచారు. "అది పుస్తకాల్లో దొరకదమ్మా. అనుభవం మీద రావాలి," అన్నారు.

హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను. ఆయనకి మళ్లీ శాలువా కప్పుతుంటే ఫోటో తీసి షాహీనాకి పంపాను. నవ్వుతుందనుకున్నాను. కాసేపటికి జవాబొచ్చింది.

"నాలుగో మెషిన్ ఫ్యాన్ ఇంకా చప్పుడు చేస్తోందా?"

"చేస్తోంది," అని రాశాను.

"ఆపి, విప్పి, దుమ్ము దులపండి. మెత్తటి బ్రష్షుతో."